పేర్లు పోయిన వంతుల జాబితా

పోయినవి ముందుగా లెక్క చెప్తాను. మూడువందల ఎనభై ఆరు ఇండ్ల మనుషుల పేర్లు, ఇంటికొకటి. ఒకే పేరున్న మనుషులు మా ఊళ్ళలో ఎక్కువ కాబట్టి, పక్కన ఏ ఇల్లో తెలియడానికి రాసుకున్న ఆనవాళ్ళు మూడువందల ఎనభై ఆరు. రెండూ కలిపి ఏడువందల డెబ్బై రెండు గళ్ళు. వాటిని ఎక్కించడానికి ఐదేళ్ళు. ఇవి పోయిన తర్వాత, వాటిని తిరిగి తెచ్చుకోవడానికి దొరికిన వారం రోజుల గడువు కూడా పోయింది. అది పోగొట్టింది నా నోరు. నోరు తెరవకపోవడం వల్ల పోయింది.

పోకుండా మిగిలినవి కూడా చెప్పాలి, లేకపోతే లెక్క సగమే అవుతుంది. ఇంటి నంబర్లు మిగిలాయి, అవి తలుపుల మీద ఉండేవి కావు, జాబితా కోసం నేను వేసుకున్నవి. ప్రతి ఇంటికీ అంతవరకు అందిన వంతులు మిగిలాయి. ఆఖరి వంతు తేదీలు మిగిలాయి. అంటే రెండువందల పదిహేడో నంబరు ఇంటికి ఇరవై ఆరు వంతులు అందాయని నాకు ఖచ్చితంగా తెలుసు. ఆ ఇల్లు ఎవరిదో తెలియదు.

మా వైపు వంతు అనేది పాత మాట. ఉమ్మడి బావుల కాలంలో నీళ్ళకు వంతులుండేవి. ఒకరి వంతు ఇంకొకరు పొరపాటున వాడుకుంటే డబ్బిచ్చి సరిపెట్టుకునే పద్ధతి లేదు, వంతుకు వంతే తిరిగి ఇవ్వాలి. తర్వాత బావులు ఎండాయి. బోర్లు వేశారు, అవీ ఎండాయి. ఆ పొలాల మీదికి సోలారు ప్యానెళ్ళు వచ్చాయి. ఆ సోలారు పార్కు హద్దు లోపల పొలం ఉన్నవాళ్ళకు ఏటా కౌలు వస్తుంది. పొలం లేనివాళ్ళకు, హద్దు బయట ఉన్నవాళ్ళకు మిగిలింది ప్యానెళ్ళు కడిగే పని. పదిహేను రోజులకొక విడత. విడతకు ఆరు రోజులు, రోజుకు ఒక టెంపో, టెంపోకు ఇరవై మంది. అంటే విడతకు నూట ఇరవై వంతులు. ఉన్న ఇండ్లు మూడువందల ఎనభై ఆరు. ఎవరు ముందు గేటు దగ్గరికి చేరితే వాళ్ళకే పని అని మొదట్లో నడిచింది. మోటారు సైకిళ్ళున్న మగవాళ్ళు ముందు చేరేవాళ్ళు. నడిచి వచ్చే ఆడవాళ్ళు వెనక్కి తిరిగేవాళ్ళు. రెండుసార్లు కొట్లాట అయ్యాక, బావి పద్ధతే పెడదాం అని పెద్దవాళ్ళు అన్నారు. కాంట్రాక్టరు తరఫున పని చేయించే మేస్త్రీ ఒప్పుకున్నాడు. జాబితా చూసే పని నాకు వచ్చింది.

నాకే ఎందుకంటే, లెక్క అంటే మా ఊళ్ళో నేనే. ఎస్సెల్సీ, అంటే పదో తరగతి, ఫెయిలైనవాణ్ణి. కానీ పొలం రికార్డు పహణిలో ఎకరాలు గుంటలు తేడా వచ్చినా, వేరుశనగ తూకంలో అనుమానం వచ్చినా కాగితం పట్టుకుని మా ఇంటికే వచ్చేవాళ్ళు. పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ, లెక్కలాయన అనేవాళ్ళు. నాకున్నది ఎకరా ఇరవై గుంటలు. అది పార్కు హద్దుకు అవతల పడింది. ఎంత అవతల అంటే పదకొండు అడుగులు. నేనే టేపు పెట్టి కొలిచాను.

మొదటి ఏడాది జాబితా నోటు పుస్తకాల్లో నడిపాను. ఆ ఏడాదిలోనే, కర్ణాటకలో మా తాలూకా కేంద్రమైన పావగడలో నెట్ సెంటరుకు పోయి, గంటల లెక్కన కూర్చుని, ప్రోగ్రాం రాయడం నేర్చుకున్నాను. పీహెచ్‌పీ అనే భాష. ఒక పాత పుస్తకం దొరికింది, దానిలో ఉన్నంతా చేసి చూశాను. ఏడు నెలలు పట్టింది. చివరికి వంతుల జాబితాను ఇంటర్నెట్టులో పెట్టాను. ఎవరైనా సెల్లులో తమ ఆఖరి వంతు తేదీ కొడితే రాబోయే వంతు తేదీ కనబడేది. పేర్లు, నంబర్లు బయటికి కనబడవు, అవి నేను మాత్రమే తెరవగల పేజీలోనే. ఇంక అవసరం లేదని పాత నోటు పుస్తకాలను బస్సులు ఆగే చోట ఉన్న బజ్జీల హోటలుకు ఇచ్చేశాను. వారం రోజులు ఊరంతా నా దస్తూరీలో చుట్టిన బజ్జీలు తిన్నది.

నాలుగేళ్ళు ఆ పేజీ ఒక్క తప్పు లేకుండా నడిచింది. ఆ నాలుగేళ్ళూ నేను ఊళ్ళో తల ఎత్తుకుని నడిచాను. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. తర్వాత జరిగిందానికి కారణం ఇదే.

ఎదురింటికి కోడలు వచ్చింది. కళ్యాణదుర్గం వైపు పిల్ల. డిగ్రీ చదివింది, బెంగళూరులో నాలుగేళ్ళు ఉద్యోగం చేసింది, పెండ్లయ్యాక అదే ఉద్యోగం ఇంట్లో కూర్చుని చేస్తోంది. వాళ్ళ పొలం పదకొండు ఎకరాలు, మొత్తం పార్కు లోపల. కౌలు డబ్బుతో కాంపౌండు గోడ కట్టారు, ఆ అమ్మాయి కోసం వైరు లాగి ఇంటర్నెట్టు పెట్టించారు. ఇవన్నీ నన్ను పెద్దగా బాధించలేదు. వాళ్ళ పొలం హద్దు లోపల పడినందుకు ఆ అమ్మాయి ఏం చేస్తుంది.

బాధ వేరే దారిలో వచ్చింది. ఎవరికో పింఛను రాలేదు, ఆ అమ్మాయి సెల్లులో చూసి సరిచేసింది. ఇంకెవరో పహణి కోసం తాలూకు కచేరికి పోబోతుంటే ఇంట్లోనే తీసిచ్చింది. నా దగ్గరైతే కాగితం, పెన్సిలు, రేపు రా అనే మాట. ఆమె దగ్గర ఐదు నిమిషాలు. ఒక ఆదివారం వాళ్ళ గడప ముందు చెప్పులు లెక్కపెట్టాను. తొమ్మిది జతలు. మా గడప ముందు రెండు జతలు. రెండూ మావే.

"ఎంతసేపు చూస్తావప్పా ఆ చెప్పుల్ని?" అన్నది నా భార్య. "కొనేటట్టు ఉండావే."

"చూసేది చెప్పుల్ని కాదు" అన్నాను.

"తెలుసులే" అన్నది.

అప్పటికి నా పేజీ ఉన్న హోస్టింగు వాళ్ళ దగ్గర నుంచి మెయిళ్ళు మొదలయ్యాయి. మన పేజీని తమ కంప్యూటర్లో పెట్టుకుని ఏడాదికింత అని తీసుకునే కంపెనీని హోస్టింగు అంటారు. ప్రోగ్రాం రాసే భాషకు కూడా వయసు ఉంటుంది. నేను నేర్చుకున్నది ఐదో రూపం. అప్పటికి లోకం ఎనిమిదికి పోయింది. ఐదో రూపాన్ని ఈ నెలాఖరుకు తీసేస్తాం, మీ ప్రోగ్రామును మార్చుకోండి అని మెయిలు. మొత్తం నాలుగు వచ్చాయి. నాలుగోది ఎర్ర అక్షరాల్లో వచ్చింది. తప్పు లేకుండా నడుస్తున్నదాన్ని ఎందుకు మార్చాలో నాకు అర్థం కాలేదు. నాలుగింటినీ తెరిచి మూసేశాను.

ఒక పొద్దున ఎదురింటి కోడలే మా ఇంటికి వచ్చింది.

"మామా, మీ వంతుల పేజీ పాత పీహెచ్‌పీ మీద నడుస్తా ఉండాది. నెలాఖరుకు ఆగిపోతాది. మెయిలు రాలేదా?"

నేను చెప్పకుండానే ఈమెకు ఎట్లా తెలిసిందా అనిపించింది. బయటి నుంచి చూస్తే తెలిసిపోతుందట.

"వచ్చింది. చూసుకుంటాలేమ్మా."

"నా ఉద్యోగమే ఇది మామా. పాతదానిలో ఉండేవాటిని కొత్తదానికి మార్చేది. ఆదివారం వస్తా. ఇద్దరం కూచుంటే ఒక పూటలో అయిపోతాది." గోడకు ఆనించిన నా కంప్యూటరు వైపు చూసింది. "ఇదంతా మీరొక్కరే రాసినారా?"

"నేనొక్కణ్ణే."

"బాగుండాది మామా."

మెచ్చుకుంటూనే అన్నది. ఆ మాటలో వెటకారం వెతికాను, రెండు రోజులు వెతికాను, దొరకలేదు. దొరికి ఉంటే బాగుండేది. నేను ఏడు నెలలు పడి చేసిందాన్ని ఈమె ఒక పూటలో మారుస్తుంది. ఆ తర్వాత అది ఎవరు చేసిందవుతుంది? ఊళ్ళో ఏమనుకుంటారో నాకు వినబడుతూనే ఉంది. లెక్కలాయనకు చేతకాలేదు, ఆ పాప చేసింది. ఆదివారానికి ఐదు రోజులుంది. ఈ ఐదు రోజుల్లో నేనే చేసేయాలనుకున్నాను.

నిజం చెప్పాలంటే పని బాగానే చేశాను. జాబితాను పిలవడానికి నేను రాసిన ఆజ్ఞలను కొత్త రూపం అసలు గుర్తించదు. అట్లాంటివి నా ప్రోగ్రాములో ఎన్ని ఉన్నాయో ముందు లెక్కపెట్టాను. అరవై మూడు. ఒక కాగితం మీద ఒకటి నుంచి అరవై మూడు వరకు అంకెలు వేసుకుని, దిద్దిన ఒక్కోదాన్నీ కొట్టేస్తూ పోయాను. మొదటి రెండు రోజులు పేజీ తెరిస్తే తెల్లగా వచ్చేది. తప్పు ఎక్కడుందో కూడా చెప్పదు, ఉత్త తెలుపు. మూడో రోజు సగం పేజీ వచ్చింది. శనివారం మధ్యాహ్నం, అన్నానికి రమ్మని నా భార్య మూడోసారి పిలిచినప్పుడు, మొత్తం పేజీ తెరుచుకుంది. అన్నానికి లేచేముందు ఇంకో రెండుసార్లు తెరిచి చూశాను. అంత సంతోషం నాకు చాలా ఏళ్ళుగా లేదు.

మిగిలింది జాబితాను పాత అకౌంటు నుంచి, కొత్త రూపం కోసం తెరిచిన కొత్త అకౌంటుకు చేర్చడం. నేరుగా చేర్చే దారి ఉంది. కానీ మొత్తం వేసి చూసుకోకుండా ఏ లెక్కనూ నేను ఇంకొక పుస్తకంలోకి ఎక్కించను. ముప్పై ఏళ్ళుగా నా పద్ధతి అది. కాబట్టి జాబితాను ఒక ఫైలుగా దించుకుని, లెక్కలు వేసే షీటులో తెరిచాను. అంకెలు బాగా కనబడాలని పేర్ల గళ్ళను ఇరుకు చేశాను. ఇండ్లు మూడువందల ఎనభై ఆరు. అందిన వంతులు మొత్తం పదివేల మూడువందల పదహారు. సేవ్ చేశాను. చేసేటప్పుడు ఇంగ్లీషులో ఏదో హెచ్చరిక వచ్చింది. అవును అని నొక్కాను. అట్లాంటివాటికి నేను ఎప్పుడూ అవును అనే నొక్కేవాణ్ణి. ఆ ఫైలును కొత్త చోట ఎక్కించి మళ్ళీ మొత్తం వేశాను. మూడువందల ఎనభై ఆరు. పదివేల మూడువందల పదహారు. ఒక్క వంతు తేడా లేదు.

అప్పుడు పాత అకౌంటు మూసేయమని హోస్టింగు వాళ్ళకు రాశాను. నెలాఖరుకు ఇంకా తొమ్మిది రోజులుంది, తొందరేమీ లేదు. ఆదివారం ఆ అమ్మాయి వచ్చేసరికి ఆమె చెయ్యి పెట్టడానికి ఏమీ మిగలకూడదని మూయించాను.

ఆదివారం ఆమె ల్యాప్‌టాపు చంకలో పెట్టుకుని వచ్చింది. గడప దగ్గరే చెప్పాను.

"అయిపోయిందమ్మా. అరవై మూడు చోట్ల దిద్దినా."

"అప్పుడేనా? ఒక్కరే?" ఆమె ముఖం నిజంగానే వెలిగింది. "పాతది ఒక నెల అట్నే పెట్టినారు కదా మామా?"

"ఆ" అన్నాను.

ఆమె వెనక్కి తిరిగి పోతుంటే చూస్తూ నిలబడ్డాను. ఆ రోజు నేను గెలిచాననుకున్నాను.

సోమవారం మేస్త్రీకి ఇవ్వాల్సిన నూట ఇరవై మంది జాబితా తీయడానికి నా పేజీ తెరిచాను. పేర్లుండాల్సిన చోట ప్రశ్న గుర్తులున్నాయి. ఒక్కో ఇంటికి ఒక వరుస ప్రశ్న గుర్తులు. ఆనవాళ్ళున్న చోట ఇంకా పొడుగు వరుసలు. నేను దాచుకున్న కాపీ తెరిచాను. అదీ షీటులో సేవ్ చేసిందే, అందులోనూ అవే. మన అక్షరాలు ఆ రకం ఫైలులో నిలవవు, ఒక్కో అక్షరానికి, గుణింతానికీ ఒత్తుకూ వేరువేరుగా, ఒక ప్రశ్న గుర్తు మిగులుతుంది. ఆ హెచ్చరిక చెప్పింది అదే. షీటు మూసేదాకా తెర మీద మాత్రం పేర్లు పేర్లుగానే ఉన్నాయి. ఉన్నా నేను వాటి వైపు చూడలేదు. అంకెలు సరిపోతే అన్నీ సరిపోయినట్టే నాకు.

ఆ క్షణాన ఎదురింటికి పోయి ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. పదమూడు అడుగుల వీధి. నేను తలుపు దగ్గరగా వేసుకుని కూర్చున్నాను.

బయటికి కనబడే పేజీని ఆపేశాను. మేస్త్రీకి ప్రింటరు పాడైందని చెప్పి, చేత్తో రాసిస్తానన్నాను. జ్ఞాపకంతో రాయడం మొదలుపెట్టాను. ఆఖరి వంతు తేదీలు, అందిన వంతులు చూసుకుంటూ పోతే నూట తొంభై ఎనిమిది ఇండ్లు నాకు గట్టిగా గుర్తొచ్చాయి. ఆ తర్వాత జ్ఞాపకం ఆగిపోయింది. అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. లెక్క తెలిసినవాడికి తప్ప ఇంకెవరికీ తట్టని ఉపాయం. ఒక్కో అక్షరానికి ఒక ప్రశ్న గుర్తు కదా, గుర్తులు లెక్కపెడితే పేరు పొడుగు తెలుస్తుంది. ఊళ్ళో నాకు తెలిసిన పేర్లన్నీ రాసుకున్నాను, ఒక్కో పేరు ఎన్ని గుర్తులవుతుందో పక్కన వేసుకున్నాను. తొమ్మిది గుర్తులున్న చోట తొమ్మిది గుర్తుల పేరు. పద్నాలుగున్న చోట పద్నాలుగు. అట్లా నూట పదిహేడు ఇండ్లు నింపాను. డెబ్బై ఒకటి ఎట్లా చేసినా కుదరలేదు, ఖాళీగా వదిలేశాను.

ఆ పని చేస్తున్నంతసేపూ నాకు భయం కంటే గర్వమే ఎక్కువగా ఉంది. ఎదురింటి కోడలికి ఎన్ని డిగ్రీలున్నా ఈ ఉపాయం తట్టదు అనుకున్నాను. అది నిజమే. ఆమెకు తట్టలేదు.

ఒక విడత నడిచింది. ఎవరూ ఏమీ అనలేదు. రెండో విడత మూడో రోజు పొద్దున, మా వీధి చివర ఉండే ముసలామె నా గడప ముందుకు వచ్చి నిలబడింది. సెంటు పొలం లేదు ఆమెకు, ఆమె కోడలు ప్యానెళ్ళు కడగడానికి పోతుంది.

"ఏమి లెక్కలాయనా, నా వంతు యాడ పోయింది?"

"వస్తాదిలే అవ్వా."

"వస్తాదని కూచుంటే బస్సు వస్తాది, వంతు రాదు. మా ముందు పోయే ఎర్రమిద్దె ఆమె పోయొచ్చె. మా వెనక పోయే టైలరు పెండ్లాం పోయొచ్చె. నడిమధ్య మేమేమైనా గుంతలో పడినామా?"

"కంప్యూటరు లెక్క అవ్వా, నువ్వు తొందరపడితే ఎట్లా?"

"కంప్యూటరుకు నా మీద ఏమి పగ నాయనా? నేను దాన్ని చూసింది కూడా లేదే."

వీధిలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఎదురింటి కోడలు కాంపౌండు గోడ లోపల బట్టలు ఆరేస్తోంది. నవ్వలేదు. చేతిలో తడి బట్ట బకెట్లో వేసి నేరుగా వచ్చింది. ముసలామెను కూర్చోబెట్టి, నాతో పాటు లోపలికి వచ్చింది.

"మామా, ఒకసారి చూడనా?"

చూపించక తప్పలేదు. తెర చూసింది. నా చేతిరాత కాగితాలు చూసింది. పక్కన వేసుకున్న తొమ్మిదులూ పద్నాలుగులూ చూసింది. అర్థం చేసుకోవడానికి ఆమెకు ఒక నిమిషం కూడా పట్టలేదు.

"పాత అకౌంటు?"

"మూసేసినా."

"ఎన్ని రోజులైంది?"

"ఇరవై ఏడు."

అక్కడి నుంచే హోస్టింగు వాళ్ళకు ఫోను చేసింది. చాలాసేపు మాట్లాడింది, ఇంగ్లీషులో కొంత, కన్నడంలో కొంత. మూసేసిన అకౌంటును వారం రోజులు ఉంచుతారట, ఆ తర్వాత చెరిపేస్తారట.

"వారం మామా" అన్నది ఫోను పెట్టేసి. ఇంకేమో అనబోయి ఆగింది. అని ఉంటే నేనూ ఒక మాట అనేవాణ్ణి. ఆగడం వల్ల నాకు అనడానికి ఏమీ మిగలలేదు.

ఆమె మళ్ళీ బయటికి వచ్చి ముసలామె పక్కన కూర్చుంది. "అవ్వా, ఇప్పుడు ఏమన్నావు? మీ ముందు ఎర్రమిద్దె ఆమె, వెనక టైలరు పెండ్లాం. ఎప్పుడూ అంతేనా?"

"ఎప్పుడూ అంతేనమ్మా. బావి కాలం నుంచి అంతే. ముందు పోయేవాళ్ళెవరో వెనక పోయేవాళ్ళెవరో తెలియకపోతే వంతు ఎట్లా తెలుస్తాది?"

మరుసటి రోజు ఆ అమ్మాయి పొద్దున్నే టెంపో ఎక్కింది, చేతిలో ఒక బడి నోటు పుస్తకంతో. తిరుమణిలో ఉన్న పార్కు గేటు దాకా వాళ్ళతో పోయి, అదే టెంపోలో తిరిగొచ్చేది. ఒక్కొక్కరిని రెండే ప్రశ్నలు అడిగేది. నీ ముందు ఎవరు, నీ వెనక ఎవరు. ప్రతి ఆడమనిషికీ ఆ ఇద్దరూ తెలుసు. మొత్తం జాబితా ఎవరికీ తెలియదు, కానీ ప్రతి ఒక్కరి దగ్గరా దానిలో మూడు ఇండ్లున్నాయి. విడత అయిపోయాక, టెంపోలో దొరకనివాళ్ళ కోసం సాయంత్రం పూట ఇండ్లకు పోయింది. గొలుసు ఎక్కడ తెగితే అక్కడికి పోయి అవతలి కొస పట్టుకునేది. అట్లా పదకొండు రోజులు.

ఆ పదకొండు రోజులూ నేను ఇంట్లోనే ఉన్నాను, విడత నడిచే రోజుల్లో ఆ టెంపో శబ్దం వింటూ. వచ్చేటప్పుడు లోపల నుంచి నవ్వులు వినబడేవి. ఐదేళ్ళు ఆ వంతులు నడిపినవాణ్ణి, ఒక్కసారి కూడా ఆ టెంపో ఎక్కలేదు. ఎక్కాల్సిన పని ఉందని కూడా నాకు తెలియదు. రెండువందల నలభై మూడో నంబరు మనిషి రెండువందల నలభై నాలుగో నంబరు మనిషిని ఎరుగునని ఈమెకు వచ్చి ఒక ఏడాది కాకుండానే తెలిసింది. నా కడుపు ఎట్లా మండిందో చెప్పడానికి నా దగ్గర అంకె లేదు.

పన్నెండో రోజు పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. మూడువందల ఎనభై ఆరు పేర్లు, వరుసగా.

"మొత్తాలు మీరే చూడండి మామా. నాకు కండ్లు తిరుగుతా ఉండాయి." పోతూ పోతూ అన్నది, "నేనెవరికీ ఏమీ చెప్పలేదు. కంప్యూటరు పాడైందనే చెప్పినా. మీరూ అదే చెప్పండి."

అట్లా ఆమె నా పరువు కాపాడింది. ఆమె చేసినవాటిలో నేను ఈనాటికీ క్షమించలేనిది అదొక్కటే.

సరిచూశాను. గుర్తులు లెక్కపెట్టి నేను నింపిన నూట పదిహేడులో డెబ్బై ఆరు సరి, నలభై ఒకటి తప్పు. గట్టిగా గుర్తున్నాయనుకున్న నూట తొంభై ఎనిమిదిలో మూడు తప్పు. ఆ మూడింటిలో ఒకటి మా సొంత అక్క ఇల్లు. మేస్త్రీకి నేను రాసిచ్చిన జాబితాతో జరిగిపోయిన రెండు విడతల్లో ఖాళీ అని నేను దాటేసిన ఇండ్లు నలభై ఎనిమిది. వాటిని మూడో విడత మొదట్లో పెట్టాం, ఆలస్యంగానైనా వాళ్ళ వంతు వాళ్ళకు అందింది. కానీ ఇరవై ఏడు వంతులు వేరేవాళ్ళకు పోయాయి. వాళ్ళది కాని వంతుకు పోయినవాళ్ళ తప్పు ఏమీ లేదు, పిలిచారు కాబట్టి పోయారు. ఇప్పుడు వాళ్ళ రాబోయే వంతుల్లో కోయడం న్యాయం కాదు. ఆ ఇరవై ఏడూ నా లెక్కలోనే పడతాయి.

డబ్బు పట్టుకుని మొదట ముసలామె ఇంటికి పోయాను, ఒక రోజు కూలి ఇస్తానని.

"డబ్బెందుకప్పా?" అన్నది, చేటలో వేరుశనగ కాయలు ఏరుతూ. "నా వంతు నువ్వు ఎందుకు కొంటావు? వంతు ఇయ్యి. వంతుకు వంతే."

వంతు ఇవ్వాలంటే నా ఇంటి వంతు ఇవ్వాలి. నా ఇంటి వంతు ఎందుకు ఇస్తున్నానో చెప్పాలి. కంప్యూటరు పాడైందనే మాట అక్కడ పనికిరాదు. మర్నాడు పొద్దున టెంపో బయలుదేరే ముందు పోయి, వెనక మెట్టు మీద నిలబడి చెప్పాను. పేర్లు పోగొట్టింది నేనే. దాచింది నేనే. ఊహించి రాసింది నేనే. ఎదురింటి అమ్మాయి సాయం చేస్తానంటే వద్దన్నది కూడా నేనే.

ఎర్రమిద్దె ఆమె అడిగింది.

"అయితే మేమంతా నీకు గుర్తులేనా? నేనెన్ని గుర్తులప్పా?"

"పదకొండు" అన్నాను. తెలుసు కాబట్టి చెప్పాను.

"నేనో?" అన్నది టైలరు భార్య.

"ఎనిమిది."

"చూడక్కా, ఆడా నీదే పైచెయ్యి."

నవ్వులు లేచాయి. కోపంగా తిడతారనుకుని వెళ్ళినవాణ్ణి, నవ్వుతుంటే ఎక్కడ చూడాలో తెలియలేదు. నవ్వు సద్దుమణిగాక ముసలామె కోడలు, మామూలు గొంతుతో, ఎవరి మీదా కోపం లేకుండా అన్నది.

"ఇంక జాబితా ఆ పాప కాడ ఉండనీ అన్నా. మా పేర్లు ఆమెకు తెలుసు."

ఎవరూ కాదనలేదు. మేస్త్రీ కూడా తల ఊపాడు. ఐదేళ్ళు నా దగ్గర ఉన్నది టెంపో కదిలేలోపల నా చేతిలోంచి పోయింది. దీన్ని ఆపడానికే ఇదంతా చేశాను.

ఇంటికొచ్చి నా భార్యకు చెప్పాను. ఆమె కూడా ప్యానెళ్ళు కడగడానికి పోతుంది, మా ఇంటి వంతు అంటే ఆమె వంతే.

"నీ కడుపుమంట నీది. ఇచ్చేది నా వంతులా?" అన్నది.

"ఇరవై ఏడు."

"ఇరవై ఏడు వంతులంటే ఎన్నేండ్లు?"

నలభై ఐదు, నలభై ఎనిమిది రోజులకొకటి. వానలకు మూడు నెలలు పని ఉండదు. ఏడాదికి ఆరు. "నాలుగున్నరేండ్లు" అన్నాను.

"లెక్క మాత్రం టక్కున చెప్తావు" అన్నది. ఆ తర్వాత, ఇస్తానన్నది. అయితే నడుమ తనకు కావాలనిపించిన వంతు తనే పోతానని, అప్పుడు నేను నోరెత్తకూడదని షరతు పెట్టింది. ఆమె పోని రోజుల కూలికి బదులు ఆ ఎకరా ఇరవై గుంటల్లో నేను ఉలవలు వేస్తున్నాను. మూడు పంటల్లో ఒకటి వచ్చింది.

జాబితా ఇప్పుడు ఎదురింటి నుంచే నడుస్తుంది. కొత్త రూపం మీద, నేను దిద్దిన ప్రోగ్రాము మీదే. ఆ అరవై మూడు చోట్లలో ఒక్కటి కూడా ఆమె మార్చాల్సిన అవసరం రాలేదని తనే చెప్పింది. ప్రతి నెలా మొత్తాలు సరిచూడమని నాకు పంపుతుంది. ఒకసారి వేసి, మళ్ళీ వేస్తాను. ఎక్కడైనా ఒక్క తప్పు దొరుకుతుందేమోనని చూస్తాను. దొరికితే వీధి దాటి పోయి, అమ్మా ఈడ ఒకటి తప్పింది అని మెల్లగా చెప్పాలని ఉంది. ఇప్పటిదాకా దొరకలేదు.

రెండున్నరేళ్ళయింది. మా ఇంటికి వచ్చిన వంతులు పదిహేను. నా భార్య తనకోసం పోయినవి రెండు. తిరిగి ఇచ్చినవి పదమూడు, మొదటిది ముసలామెకు. ఇరవై ఏడులో పదమూడు పోతే, ఈ రోజుకు నేను ఇంకా ఇవ్వాల్సిన వంతులు పద్నాలుగు.